సమస్య: “ఒకటి కలిపిన నేడ్గురు నొకరె యైరి” (తేటగీతి)

పర్లాకిమిడి, నిర్వాహకుడు:
ఈ పాదం వెనక ఒక సంఖ్య ఉంది: 18446744073709551615. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, ఆపై గడిగడికీ రెట్టింపు, అలా 64 గడులూ నింపితే వచ్చే మొత్తం. పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే దీన్ని భూతసంఖ్యలతో, అంటే అంకెలకు బదులు వాడే మాటలతో, పద్యంలో పొదిగాడు. సంఖ్య జోలికి పోకుండా పూరించినా సరే. మన గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో బళ్లో ఒడియాలో లెక్కలు చేసి, ఇంట్లో తెలుగులో ఎక్కాలు అప్పజెప్పే పిల్లలున్నారు. వాళ్లకు వినిపించేలా రాయండి.

రాయగడ:
గడుల నరువది నాల్గింట గణన సేయ
రెట్టి యగుచును గింజలు రేగి పెరుగ
మొత్తమం దభాజ్యులు దోచ ముదము మీఱ
నొకటి కలిపిన నేడ్గురు నొకరె యైరి

నిర్వాహకుడు:
చాలా బాగుంది తమ్ముడూ. అభాజ్యములు (ఒకటితో, తమతో తప్ప దేనితోనూ భాగం పోని సంఖ్యలు) అనకుండా ‘అభాజ్యులు’ అన్నావు, అందుకే ‘ఏడ్గురు’ అతికింది. ‘ముదము మీఱ’ మాత్రం పాదం నింపడానికే వచ్చింది. ‘మూల మరయ’ అంటే యతీ నిలుస్తుంది, అర్థమూ వస్తుంది. అప్పుడూ చివరి పాదం ‘నొకటి’ అనే మొదలవుతుంది.

బరంపురం:
ఏడు రంగులు విడివడి యేగు చుండ
గాజు పట్టక మింకొండు గదియఁ జేర్ప
తెల్ల కాంతిగ నన్నియుఁ దిరిగి కలిసె
ఒకటి కలిపిన నేడ్గురు నొకరె యైరి

నిర్వాహకుడు:
ఊహ కొత్తగా ఉందమ్మా. రెండో పట్టకాన్ని తలకిందులుగా పెట్టాలి, ఆ మాట పద్యంలో లేదు. పైగా రంగుల్ని ‘ఏడ్గురు’ అనాలంటే ముందే వాటికి ప్రాణం పోయాలి.

గుణుపూరు:
ఐదు గురు నిల్వ, నారవ యతనిఁ బట్టి
రెండు ముక్కలు సేసె నాయిలరు మునుపె
గుణనమునఁ గల్సి యంకెలై కొలువు దీర
నొకటి కలిపిన నేడ్గురు నొకరె యైరి

వివరణ: ఐదుగురు 3, 5, 17, 257, 65537. ఈ వరుసలో ఆరో సంఖ్య 4294967297 కూడా అభాజ్యమేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విడగొట్టాడు. ఈ ఏడింటి లబ్ధమే మన సంఖ్య. ఒకటి కలిపితే రెండును 64 సార్లు వేసి గుణించినట్టే, ఇక 2 తప్ప వేరే అభాజ్య కారణాంకం ఉండదు.

నిర్వాహకుడు:
సమస్య ఇవ్వడంలో నా మనసులో ఉన్నది ఇదే మాస్టారూ! కాని రెండో పాదంలో ‘రె’కు ‘యి’తో యతి కుదరలేదు. ఇలా మారిస్తే?
ఇద్దఱుగఁ జీల్చి వైచె నాయిలరు మునుపె
యతి కుదురుతుంది. ముక్కలు కాస్తా మనుషులయ్యారు, ఐదుగురూ ఇద్దరూ కలిసి ఏడుగురూ అయ్యారు.

గుణుపూరు:
సంతోషంగా తీసుకుంటున్నాను.

రాయగడ:
ఆ ఏడుగురిలో ఎవరైనా రెండుసార్లు వస్తారా అన్నయ్యా? వస్తే ‘ఏడ్గురు’ లెక్క మారుతుంది.

గుణుపూరు:
రారు. అంకెల మొత్తం 87, మూడుతో పోతుంది, తొమ్మిదితో పోదు. చివర 15 ఉంది, కాబట్టి ఐదుతో పోతుంది, ఇరవై ఐదుతో పోదు. మిగతా ఐదుగురికీ భాగహారం చేసి చూడు.