మండపీత శాస్త్రీయ నామం, పోర్టునిడే కుటుంబం వయసు: రెండు సందేహాలు

ఉప్పుటేరు:
పాత భారతీయ పేపర్లలో పెద్ద మండపీత స్కిల్లా ట్రాంక్విబారికా, చిన్నది స్కిల్లా సెర్రాటా. కొత్త పేపర్లలో పెద్దదే సెర్రాటా అంటున్నారు. ఏది పట్టుకోవాలి? ఇంకోటి, మండపీత చేరే పోర్టునిడే (ఈత పీతల) కుటుంబం క్రెటేషియస్ (డైనోసార్ల చివరి యుగం) నాటిదని ఒకచోట, దాని తర్వాత వచ్చిన ఇయోసీన్ నాటిదని మరోచోట ఉంది. ఎందుకంత తేడా?

మడచెట్టు:
కొత్తదే పట్టుకోండి. 1998లో కీనన్, డేవీ, మాన్ అనే పరిశోధకులు స్కిల్లా ప్రజాతిని నాలుగు జాతులుగా తేల్చారు: సెర్రాటా, ట్రాంక్విబారికా, ఆలివేసియా, పారామామోసైన్. మన దగ్గర దొరికే పెద్దది సెర్రాటా, చిన్నది ఆలివేసియా అని డీఎన్ఏ పరీక్షల్లోనూ తేలింది. పాత పేపర్లోని పెరుగుదల లెక్కలు వాడేటప్పుడు పేరు మార్చి చదువుకోవాలి, లేకపోతే చిన్న పీత లెక్క పెద్దదానికి అంటగట్టినట్టే.

రంగు చూసి తేల్చొద్దు. డెక్కలో (పట్టుకునే ముందు కాలిలో) పిడికిలికి వెనకున్న ముక్క (కార్పస్) బయటి వైపు చూడండి. రెండు ముళ్లు స్పష్టంగా ఉంటే సెర్రాటా, మొద్దుగా ఉంటే ఆలివేసియా. కళ్ల మధ్య డొప్ప అంచున ఉండే పళ్లు సెర్రాటాకి ఎత్తుగా, ఆలివేసియాకి పొట్టిగా గుండ్రంగా ఉంటాయి. ట్రాంక్విబారికాకీ రెండు ముళ్లుంటాయి గానీ, వలగళ్ల మచ్చలు చివరి రెండు జతల కాళ్ల మీదే బాగా కనిపిస్తాయి. సెర్రాటాకి అన్ని కాళ్ల మీదా ఉంటాయి. ముదురు పీతల్లో ముళ్లు అరిగిపోతాయి, ఒక్క గుర్తుతో సరిపెట్టొద్దు.

రాతిడొప్ప:
వయసు గొడవకి కారణం తెడ్డు కాలు, అంటే ఈతకి పనికొచ్చే చదునైన చివరి జత కాలు. ఈ కుటుంబానికి పెద్ద గుర్తు అదే, కానీ పలచన కాబట్టి రాతిలో అరుదుగా మిగులుతుంది. దొరికేది ఎక్కువగా డెక్కల వేళ్లు, డొప్ప. అంచున పళ్లున్న వెడల్పాటి డొప్ప దొరికితే చాలు, పూర్వం పోర్టునిడేలో వేసేసేవారు. క్రెటేషియస్ చివరినాటి ఆఫ్తాల్మోప్లాక్స్ అనే శిలాజ పీతని ఇప్పుడు చాలామంది మాక్రోపిపిడే అనే వేరే కుటుంబంలో పెడుతున్నారు. కుటుంబం హద్దు ఎక్కడ గీస్తే వయసు అక్కడ మారుతుంది.

తెడ్డు దొరికినా అది చాలదు. కొలంబియాలో దొరికిన కాలికిమేరా అనే శిలాజ పీత (2019లో ప్రకటించారు, సుమారు 9 నుంచి 9.5 కోట్ల ఏళ్ల నాటిది) కాళ్లు తెడ్లే, కానీ అది పూర్తిగా వేరే శాఖ.

శిలాజంలో డొప్ప పొట్ట నుంచి విడిపోయి పైకి తెరుచుకుని ఉంటే అది చచ్చిన పీత కాకపోవచ్చు, కుబుసం. ఒక్క పీతే ఎన్నోసార్లు విడుస్తుంది, కాబట్టి ముక్కలు లెక్కపెట్టి ‘ఇన్ని పీతలు’ అనకూడదు.

మడచెట్టు:
స్కిల్లాకి దగ్గరి శిలాజ బంధువు కావాలంటే నెక్రోనెక్టిస్ చూడండి. రెండిటినీ నెక్రోనెక్టినే ఉపకుటుంబంలో కలిపి చూపిస్తారు. దాని మియోసీన్ (ఇయోసీన్ కన్నా తర్వాతి యుగం) శిలాజాలు పనామా ప్రాంతంలోనూ దొరికాయి, ఇప్పుడు స్కిల్లా మాత్రం ఇండో-పసిఫిక్‌లోనే.