కార్బన్ సర్టిఫికెట్ల వ్యాపారానికి సెబీ నిబంధనల్లో ఏవి పనికొస్తాయి?

స్వర్ణముఖి ఒడ్డు (తిరుపతి)

గాజులమండ్యం చిన్న పరిశ్రమల వాళ్లకూ కామర్స్ విద్యార్థులకూ కార్బన్ ట్రేడింగ్ మీద ఒక పూట తరగతి పెడుతున్నాం. పథకం చట్రం తెలుసు. 2022లో ఇంధన పొదుపు చట్టానికి సవరణ, 2023 జూన్‌లో నోటిఫికేషన్. నిర్వహణ బీఈఈ (ఇంధన సామర్థ్య బ్యూరో)ది, ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో రాసే రిజిస్ట్రీ గ్రిడ్ ఇండియాది, క్రయవిక్రయాల మీద అజమాయిషీ సీఈఆర్‌సీ (కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్)ది. లక్ష్యం కంటే తక్కువ ఉద్గారాలు వదిలిన ఫ్యాక్టరీకి సర్టిఫికెట్లు వస్తాయి, లక్ష్యం దాటినది వాటిని కొనాలి. ఒక సర్టిఫికెట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. తెలియాల్సింది ఇది: షేర్లలో, కమోడిటీల్లో దెబ్బలు తిని సెబీ (షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ), ఇతర దేశాలు రాసుకున్న నిబంధనల్లో ఏవి ఇక్కడికి నేరుగా తేవచ్చు? ఏవి తేకూడదు? ఇంకొకటి, బంగారుపాళెం, దామలచెరువు వైపు ఎవరైనా వచ్చి "మీ మామిడి చెట్లకు కార్బన్ డబ్బులు" అని సంతకం అడిగితే రైతు ఏం చూసుకోవాలి?

తూకం రాళ్లు

ముందు సరుకు ఉందో లేదో తేలాలండీ, ట్రేడింగ్ సంగతి తర్వాత. 1992లో బ్యాంకు రసీదుల కుంభకోణం దేనివల్ల జరిగింది? వెనక సెక్యూరిటీలు లేకుండానే రసీదులు చేతులు మారాయి. 2013లో ఎన్‌ఎస్‌ఈఎల్ అనే సరుకుల ఎక్స్ఛేంజీలో దాదాపు 5,600 కోట్ల చెల్లింపులు ఆగినప్పుడు చూస్తే గోదాముల్లో ఉండాల్సిన సరుకు లేదు. కార్బన్ విషయంలో గోదాము అంటే ఫ్యాక్టరీ కొలతల రిజిస్టరే.

తరగతిలో ఒక ఊహా సిమెంటు కర్మాగారం లెక్క వేసి చూపించండి. ఏడాదికి 10 లక్షల టన్నుల ఉత్పత్తి. లక్ష్యం టన్ను ఉత్పత్తికి 0.620 టన్నుల కార్బన్ డయాక్సైడ్, సాధించింది 0.605. తేడా 0.015ను ఉత్పత్తితో గుణిస్తే 15,000 సర్టిఫికెట్లు. ఇప్పుడు ఆ కొలిమి 1.1 లక్షల టన్నుల బొగ్గు కాలుస్తుందనుకుందాం. టన్ను బొగ్గుకు 20 గిగాజౌళ్లు, గిగాజౌలుకు 94.6 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే టన్నుకు దాదాపు 1.9 టన్నులు. బొగ్గు తేమను ఒక్క శాతం ఎక్కువ రాసుకున్నా 1,100 టన్నుల బొగ్గు నీటి కింద లెక్కపడి కాగితం మీద మాయమవుతుంది. అది సుమారు 2,090 సర్టిఫికెట్లు, మొత్తం మిగులులో ఏడో వంతు! మోసం చేయాలన్న ఉద్దేశమే ఉండక్కర్లేదు. నమూనా లారీ పైభాగం నుంచి మాత్రమే తీస్తే చాలు. అందుకే నమూనా ఎక్కడ తీశారు, వేబ్రిడ్జి క్యాలిబ్రేషన్ ఎప్పుడు జరిగింది, ఏడాది చివర బొగ్గు నిల్వను ఎలా కొలిచారు అనేవే తనిఖీలో మొదటి ప్రశ్నలు కావాలి.

తనిఖీదారుకు ఫీజు ఇచ్చేది ఆ ఫ్యాక్టరీయే. క్రెడిట్ రేటింగ్ సంస్థల జబ్బు కూడా ఇదే. కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల్లో ఆడిట్ సంస్థను పదేళ్లకు మించి ఉండనివ్వదు. ఇక్కడ నా మటుకు అంతకంటే తక్కువే పెట్టాలి, ఎందుకంటే తనిఖీ సంస్థలు కొద్దిగానే ఉంటాయి, పరిచయాలు త్వరగా ముదురుతాయి.

కపిలతీర్థం మెట్లు

తూకం రాళ్లు గారు చెప్పింది నిజమే. సరుకు అసలుదే అయినా దొంగతనం జరుగుతుందని మాత్రం కలపాలి. 2011 జనవరిలో యూరప్‌లో చెక్ రిజిస్ట్రీతో సహా కొన్ని ఖాతాల నుంచి అలవెన్సులు (అక్కడి ఉద్గార అనుమతులు, ఒక్కోటి ఒక టన్నుకు) కొట్టేశారు, జనవరి 19న యూరోపియన్ కమిషన్ బదిలీలు ఆపేసింది. ఆ తర్వాత వచ్చిన మందు మన డీమ్యాట్ వాళ్లకు కొత్త కాదు: ఒకరు ఆర్డర్ పెడితే ఇంకొకరు ఆమోదించాలి, ముందే నమోదైన ఖాతాలకే పంపాలి, బదిలీ 26 గంటలు ఆగి జరగాలి. దీనికి తోడు అమ్మేవాడి సర్టిఫికెట్లు ముందే లాక్ కావాలి, కొనేవాడి డబ్బు ముందే జమ కావాలి.

ఇక లోపలి సమాచారం. 2006 ఏప్రిల్‌లో యూరప్ దేశాలు 2005 ఉద్గారాల లెక్కలు ఒక్కొక్కటిగా, వేర్వేరు రోజుల్లో బయటపెట్టాయి. అలవెన్సులు అవసరానికి మించి ఉన్నాయని తెలిసి 30 యూరోల దగ్గరున్న ధర వారాల్లో సగానికి పైగా పడింది. ముందు తెలిసినవాడు ముందే అమ్ముకోగలిగే పరిస్థితి. సెబీ పద్ధతిలో త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు ప్రకటించిన 48 గంటల దాకా లోపలివాళ్లకు ట్రేడింగ్ విండో మూసేస్తారు. తనిఖీ సంస్థల ఉద్యోగులకు, కన్సల్టెంట్లకు దీన్ని యథాతథంగా తేవచ్చు. అన్ని రంగాల ఫలితాలూ ఒకే రోజు, ఒకే గంటకు, మార్కెట్ మూసి ఉన్నప్పుడు రావాలి.

కానీ ఫ్యాక్టరీకే ఆ నిబంధన పెడితే తప్పు. తన లోటు తనకు తెలుసు కాబట్టే అది కొంటుంది, దాన్ని నేరం అనలేం. యూరప్ ఇక్కడ గీత గీసింది: ఏడాదికి 60 లక్షల టన్నుల ఉద్గారాలు, లేదా 2,430 మెగావాట్ల థర్మల్ సామర్థ్యం దాటిన పెద్దవాళ్లే తమ సమాచారం బహిరంగపరచాలి.

ఏర్పేడు లెక్కలు

అందరూ ధర అదుపు గురించి అడుగుతారు, ఎక్కువ పొరపాట్లూ అక్కడే. మనది మొత్తం టన్నుల మీద గరిష్ఠ పరిమితి కాదు, ఉత్పత్తి టన్నుకు ఎంత అన్న లక్ష్యం. సర్టిఫికెట్లు ఎన్ని పుడతాయో ముందుగా ఎవరికీ తెలియదు. లక్ష్యం వదులుగా ఉంటే ఉత్పత్తి పెరిగేకొద్దీ మిగులు కూడా పెరుగుతుంది.

కనీస ధర పెట్టేస్తే సరిపోతుందనుకోకండి. పునరుత్పాదక విద్యుత్ సర్టిఫికెట్లలో చూశాం కదా, ధర నేల మీద కూర్చుంది, అమ్ముడుపోనివి గుట్టలుగా పేరుకున్నాయి. కనీస ధర కొనేవాణ్ని పుట్టించదు. యూరప్ 2019 నుంచి చేస్తున్నది వేరు: చలామణిలో అలవెన్సులు 83.3 కోట్లు దాటితే, వేలానికి రావాల్సిన వాటిలో కొంత భాగం పక్కకు తీసి నిల్వలో పెడుతుంది. అక్కడ అలవెన్సులను ప్రభుత్వాలు వేలంలో అమ్ముతాయి కాబట్టి అది కుదిరింది. మనకు వేలం లేదు, కాబట్టి తర్వాతి లక్ష్యాన్ని బిగించడమే దారి.

జరిమానాను జాగ్రత్తగా చదవండి. లోటు టన్నుకు ఆ ఏటి సగటు ధరకు రెట్టింపు పర్యావరణ పరిహారం. మార్కెట్ కూలితే జరిమానా కూడా కూలుతుందన్నమాట! యూరప్‌లో టన్నుకు 100 యూరోలు, ద్రవ్యోల్బణంతో పెరుగుతూ, పైగా ఆ అలవెన్సు కూడా తర్వాత అప్పగించాల్సిందే. ఇంకో చిక్కు: లావాదేవీలు పలచగా ఉంటే, పెద్ద లోటున్న కంపెనీ నాలుగు చిన్న లావాదేవీలతో సగటును కిందికి లాగాలని చూడొచ్చు. షేర్లలో ముగింపు ధరను లాగే పాత ఎత్తే ఇది. కనుక సగటును పరిమాణంతో తూచి లెక్కించాలి, ఒకే గ్రూపు కంపెనీల మధ్య లావాదేవీలు తీసేయాలి.

తేకూడనిది ఒకటి చెబుతాను, రోజువారీ సర్క్యూట్ పరిమితి (ఒక రోజులో ధర ఇంతకు మించి కదలకూడదన్న గీత). అరుదుగా, కొద్దిమందితో జరిగే మార్కెట్లో ధర గీత దగ్గరే ఇరుక్కుంటుంది. దాని బదులు ఒక్కరు ఎంత పట్టుకోవచ్చో పరిమితి పెట్టడం మేలు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల కార్బన్ అలవెన్సుల వేలంలో ఒకరు 25 శాతానికి మించి కొనకూడదు.

స్వర్ణముఖి ఒడ్డు (తిరుపతి)

చాలా ఉపయోగం. సిమెంటు లెక్క అలాగే బోర్డు మీద వేస్తాను. మామిడి సంగతి?

తూకం రాళ్లు

ఇప్పటికే కాపు కాస్తున్న తోటాపురి తోటకు క్రెడిట్ రాకూడదు. ఆ డబ్బు లేకపోయినా చెట్లు ఉండేవే కదా. కొత్తగా నాటిన వాటికి అడిగితే ఈ లెక్క చెప్పండి: ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ పట్టాలంటే దాదాపు 580 కిలోల ఎండు కట్టె కొత్తగా పెరగాలి. కొమ్మలు కత్తిరించి పొయ్యిలో పెడితే అది లెక్కలోకి రాదు. ఎకరాకు ఏడాదికి రెండు టన్నులు, టన్నుకు 500 రూపాయలు, సగం వాటా అనుకున్నా రైతు చేతికి వచ్చేది ఎకరాకు ఏడాదికి 500 రూపాయలే. ఒప్పందం మాత్రం ఇరవై, ముప్పై ఏళ్లు ఉండొచ్చు.

1990లలో టేకు తోటల పేరుతో డబ్బులు పోగుచేసిన కంపెనీల తర్వాతే సెబీ 1999లో సామూహిక పెట్టుబడి పథకాల నిబంధనలు తెచ్చింది. కాబట్టి రైతు దగ్గర ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే అక్కడే ఆగమనండి. మిగతా కాగితంలో చూడాల్సినవి: తనిఖీ ఖర్చు ఎవరిది, గాలివానకు చెట్లు పడితే క్రెడిట్లు ఎవరు తిరిగి కట్టాలి, పొలం అమ్మితే ఒప్పందం కొన్నవాడి మీదికి పోతుందా, ప్రాజెక్టు ఏ రిజిస్ట్రీలో ఏ నంబరుతో ఉంది. ఆ నంబరు చెప్పలేకపోతే సంతకం వద్దు.