డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద లైసెన్స్: చివర సి పెట్టాలా, ఎస్ పెట్టాలా?

ఫ్లెక్సీ తిరుపతి:
అన్నలూ, ఒక పంచాయితీ తీర్చండి. తిలక్ రోడ్డు దగ్గర నాది ఫ్లెక్సీ షాపు. పోయిన వారం ఒక డ్రైవింగ్ స్కూలుకు పదికి నాలుగు అడుగుల బోర్డు కొట్టిచ్చాను. వాళ్లు రాసిచ్చిన కాగితంలో లైసెన్స్‌కు చివర సి-ఇ ఉంది. కంప్యూటర్లో కొడితే కింద ఎర్రగీత వచ్చింది, తప్పేమోనని సి తీసి ఎస్ పెట్టాను, గీత పోయింది. బోర్డు కట్టినాక ఎవరో రిటైర్డు సారు చూసి తప్పన్నాడంట, ఓనరు 1,200 ఇవ్వనంటున్నాడు. నాది తప్పా?

పాత బడిపంతులు:
తప్పే. మనం రాసేది బ్రిటిష్ పద్ధతి. నామవాచకమైతే సి, క్రియ అయితే ఎస్. అడ్వైస్, అడ్వైజ్ చూడు, అక్కడ చెవికే తేడా తెలుస్తుంది. లైసెన్స్ రెండూ ఒకేలా పలుకుతాయి కాబట్టి పిల్లలకే కాదు పెద్దలకూ తికమక. 1988 మోటారు వాహనాల చట్టం తెరువు, డ్రైవింగ్ లైసెన్స్ అన్నచోట సి ఉంటుంది. ఆ ఓనరు స్కూలు పెట్టుకోవడానికి తీసుకున్న ఫారం 11 లోనూ అంతే.

చంద్రగిరి టు డల్లాస్:
పంతులుగారూ, ఇక్కడ టెక్సాస్‌లో నా జేబులో ఉన్న కార్డు మీద ఎస్సే. నామవాచకమైనా క్రియ అయినా ఎస్సే. ఆ తమ్ముడి కంప్యూటరు అమెరికా ఇంగ్లీషులో ఉంది, దాని లెక్కలో అది కరెక్టు.

పాత బడిపంతులు:
అలిపిరి దగ్గర పోలీసు ఆపితే డల్లాస్ కార్డు చూపిస్తావా నాయనా? మీవాళ్లు లైసెన్స్‌కు రెండుచోట్లా ఎస్ అంటారు, ప్రాక్టీస్‌కు వచ్చేసరికి రెండుచోట్లా సి అంటారు. ఇదేం న్యాయం?

ఫ్లెక్సీ తిరుపతి:
సార్, అదే కాగితంలో కింద 'గవర్నమెంట్ లైసెన్స్‌డ్' అని ఉంది, దానికి వాళ్లే ఎస్ రాశారు. ఒకే బోర్డులో పైన సి, కింద ఎస్సా?

పాత బడిపంతులు:
అవును, అట్లే ఉండాలి. కిందిది క్రియ నుంచి పుట్టింది. రాసిచ్చినవాడికి తెలుసు, మార్చినవాడికి తెలియదు.

బైరాగిపట్టెడ:
డబ్బులు వచ్చాయా లేదా అది చెప్పు సామీ

చిత్తూరు కోర్టు వీధి:
పంతులుగారు చట్టం ఎత్తారు కాబట్టి నేనూ ఎత్తుతా. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 52. వేరేవాళ్ల స్థలంలో ఏదైనా చేసుకోవడానికి ఇచ్చే అనుమతిని అక్కడ లైసెన్స్ అన్నారు. పక్కా నామవాచకం, స్పెల్లింగు మాత్రం ఎస్-ఇ. రాసింది డల్లాస్ వాళ్లు కాదు, తెల్లదొరల ప్రభుత్వమే.

పాత బడిపంతులు:
పాతకాలపు రాత అది. ఒక్క సెక్షన్ పట్టుకుని వ్యాకరణం మారుస్తామా?

గ్రీమ్స్‌పేట:
సి, ఎస్ ఎవరికి కావాలప్పా, అర్థం తెలియకనే మా ఇల్లు మునిగింది. మా నాయన బస్టాండు పక్కన ఒక రూములో టిఫిన్ సెంటరు పెట్టుకున్నాడు. బాడుగ అగ్రిమెంటు అనుకుని సంతకం పెట్టాడు, కాగితం మీద 'లైసెన్స్' అని ఉంది. తొమ్మిదేళ్ల తర్వాత ఖాళీ చేయమన్నారు. వకీలు దగ్గరికి పోతే, లీజు అయితే స్థలం మీద నీకు కొంచెం హక్కు ఉంటుంది, లైసెన్స్ అంటే వచ్చి కూర్చోమన్న పర్మిషనే, లేవమంటే లేవాల్సిందే అన్నాడు. పెనాలు, ఇడ్లీ పాత్రలు ఆటోలో వేసుకుని వచ్చేశాం. స్పెల్లింగు నాకు గుర్తు కూడా లేదు.

చిత్తూరు కోర్టు వీధి:
అన్నా, పైన పేరు ఏది రాసినా కోర్టు లోపలి షరతులు చూస్తుంది. స్వాధీనం పూర్తిగా మీకే ఇచ్చి ఉంటే వాదించి ఉండొచ్చు.

గ్రీమ్స్‌పేట:
ఇప్పుడు చెప్తున్నావా

కాణిపాకం దారి:
కవులకు ఇచ్చే లైసెన్స్ సి నా ఎస్ నా? నిరంకుశాః కవయః 😄

పాత బడిపంతులు:
సి. అదుపు లేని స్వేచ్ఛ అని కూడా ఆ మాటకు అర్థముంది, లాటిన్‌లో మూలం అనుమతే. ఇక్కడ కొందరు ఆ స్వేచ్ఛనే వాడుకుంటున్నారు. టెన్త్ తెలుగు మీడియం వాళ్లు ఇంగ్లీషు బోర్డులు రాస్తే ఊరంతా తప్పులే.

ఫ్లెక్సీ తిరుపతి:
అదీ సంగతి. నేను తెలుగు మీడియం అని ఇక్కడ ఎక్కడా చెప్పలేదే? ఆ మాట నేను ఓనరుతో మాత్రమే అన్నాను. బోర్డు చూసి తప్పన్న సారు మీరేనా?

డల్లాస్, చిత్తూరు ఇద్దరూ నాది తప్పు కాదన్నారు కదా అని సంతోషపడుతున్నా, కానీ మీకు స్పెల్లింగు కాదు సార్ కావాల్సింది. ఏడో తరగతిలో నల్లబోర్డు మీద 'నైఫ్'కు ముందు కె మర్చిపోతే ఒక సారు క్లాసంతా నవ్వించాడు. నలభై ఏళ్లు వచ్చినా మీకు దొరికిపోతూనే ఉన్నా. ప్రూఫ్ వాట్సాప్‌లో పంపితే ఓనరు బొటనవేలు బొమ్మ పెట్టాడు, అది మాట్లాడండి.

పాత బడిపంతులు:
ప్రూఫ్ ఓకే చేశాడా? ఆ సంగతి వాడు నాకు చెప్పలేదు. వాడు మా మేనల్లుడు. చూసి ఓకే అన్నాక డబ్బు ఎగ్గొట్టడం తప్పు, ఇప్పిస్తా. స్పెల్లింగు మాత్రం తప్పే.

చంద్రగిరి టు డల్లాస్:
తప్పు కాదు, వేరే దేశపుది.

పాత బడిపంతులు:
బోర్డు ఏ దేశంలో ఉంది?

బైరాగిపట్టెడ:
మళ్లీ మొదలు

ఫ్లెక్సీ తిరుపతి:
రేపు పొద్దున నిచ్చెన తెచ్చి ఎస్ మీద సి స్టిక్కరు అంటిస్తా సార్. స్టిక్కరు 60 రూపాయలు, అది మీ మేనల్లుడి లెక్కలోనా, మీ లెక్కలోనా?