ఆరేళ్ల తర్వాత పాత ట్రావెల్ ఫ్రెండ్‌ని కలవాలి: వెనిసా, వియన్నానా? స్టేషన్లో తప్పిపోకుండా ఎలా?

ఒంటరి_సంచి అడిగారు:

అందరికీ నమస్కారం. ఈ అక్టోబరులో ఒంటరిగా బ్యాక్‌ప్యాకింగ్. క్రాకోవ్ చూసుకుని బుడాపెస్ట్ చేరతాను, అక్కణ్నుంచి 2026 అక్టోబరు 25 ఆదివారం బయల్దేరగలను. పాత ప్రయాణంలో పరిచయమైన ఫ్రెండ్ అదే వారం పారిస్ నుంచి మ్యూనిక్ వస్తోంది. ఆరేళ్లకి కలుస్తున్నాం, మూడు రోజులు కలిసి తిరగాలని ఇద్దరికీ ఉంది. తను వెనిస్‌లో కలుద్దామంటోంది. నాకు నెలలో 7 రోజులు వాడుకునే యూరైల్ పాస్ (చాలా యూరప్ దేశాల రైళ్లకి పనికొచ్చే పాస్) ఉంది, తను విడి టికెట్లు కొంటుంది. వెనిస్ మంచిదేనా? ఎవరో ఒకరి రైలు లేటైతే ఏం చేయాలి? రూము, ఖర్చుల సంగతి కూడా చెప్పండి. కుదిరితే తర్వాత ఇద్దరం బెల్‌గ్రేడ్ వెళ్దామనుకుంటున్నాం. నాది షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా), తనకి వీసా అక్కర్లేదు.

పట్టాలబాట:

వెనిస్ వద్దండి. ఊరు బాగుండక కాదు, మీ ఇద్దరి దారికీ పక్కకి ఉంది. బుడాపెస్ట్ నుంచి వెనిస్‌కి ఒక పగలంతా రైళ్లలోనే గడిచిపోతుంది, మధ్యలో రైలు మారాలి కూడా. మ్యూనిక్ నుంచి తనకీ ఆల్ప్స్ దాటి రావడానికి సగం రోజు పైనే. ఉన్న మూడు రోజుల్లో ఒకటి అక్కడే పోతుంది.

వియన్నాలో కలవండి. మ్యూనిక్, సాల్జ్‌బర్గ్, లింజ్, వియన్నా, బుడాపెస్ట్ అన్నీ ఒకే రైల్‌జెట్ (ఆస్ట్రియా వేగపు రైలు) లైన్ మీదున్నాయి. మ్యూనిక్ నుంచి తనకి సుమారు 4 గంటలు, బుడాపెస్ట్ కెలెతీ స్టేషన్ నుంచి మీకు సుమారు 2 గంటల 40 నిమిషాలు. ఈ రైళ్లలో సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు కాబట్టి ఒకటి పోతే తర్వాతది ఎక్కొచ్చు. కలుసుకునే ప్రయాణానికి ఇంతకంటే పెద్ద సౌకర్యం లేదు.

ఇక పాస్ లెక్క. పాస్ ధరని 7తో భాగించండి, అదే మీకు ఒక రోజు పడే ఖరీదు. బుడాపెస్ట్–వియన్నా టికెట్ ముందుగా కొంటే చాలాసార్లు దానికంటే తక్కువకే దొరుకుతుంది. అలా దొరికితే పాస్ రోజుని పొడుగు ప్రయాణానికి మిగుల్చుకోండి. కాకపోతే ఆ చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, తర్వాత రైలు ఎక్కే వెసులుబాటు పోతుంది. పాసే వాడితే రైలెక్కే ముందే ఆ ప్రయాణాన్ని యాప్‌లో చేర్చి, ఆ రోజుని యాక్టివేట్ చేయండి. ఎక్కాక చేద్దామనుకుంటే సిగ్నల్ ఉండకపోవచ్చు, అప్పుడు మీది టికెట్ లేని ప్రయాణం కింద లెక్క.

మీ ఫ్రెండ్‌కి కూడా ఓ మాట చెప్పండి. పారిస్–మ్యూనిక్ ఒక టికెట్, మ్యూనిక్–వియన్నా ఇంకో టికెట్ అని విడివిడిగా కొని, మొదటి రైలు లేటై రెండోది పోతే ఆ నష్టం తనదే. మొత్తం ఒకే టికెట్‌గా తీసుకుంటే, లింకు తప్పినా తర్వాత రైల్లో పంపే బాధ్యత రైల్వే వాళ్ల మీద ఉంటుంది. రెండూ విడిగానే కొనాల్సి వస్తే ముందు రోజే మ్యూనిక్ చేరి, రాత్రి అక్కడుండి రావడం మేలు.

గడియారం_కింద:

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. వెనిస్‌కి రెండు స్టేషన్లు: మెస్త్రే ఇవతలి ఒడ్డున, సాంతా లూచియా దీవి మీద. ‘వెనిస్ స్టేషన్లో’ అని చెప్పుకుని ఒకరక్కడ, ఒకరిక్కడ నిలబడటం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

వియన్నాలోనూ ఇలాంటి మెలిక ఒకటుంది. పడమటి నుంచి వచ్చే రైల్‌జెట్ ముందు వీన్ (వియన్నాకి జర్మన్ పేరు) మైడ్లింగ్‌లో ఆగి, కొద్ది నిమిషాల తర్వాత వీన్ హౌప్ట్‌బాన్‌హోఫ్ (ప్రధాన స్టేషన్) చేరుతుంది. బోర్డు మీద ‘వీన్’ అని కనబడగానే చాలామంది సంచి దించేస్తారు. మీ ఫ్రెండ్‌కి ‘మైడ్లింగ్‌లో దిగొద్దు’ అని రాసి పంపండి. బుడాపెస్ట్ నుంచి వచ్చే మీకు హౌప్ట్‌బాన్‌హోఫే ముందొస్తుంది. వెస్ట్‌బాన్‌హోఫ్ అని మూడోది కూడా ఉంది, మ్యాప్‌లో చూసి అదనుకోకండి.

ప్లాట్‌ఫాం మీద కలుద్దాం అనుకోవద్దు. ఆఖరి నిమిషంలో ప్లాట్‌ఫాం మారుతుంది. పైగా రెండు సెట్లు కలిపిన రైల్‌జెట్ 400 మీటర్ల పొడవు, ఆ జనంలో ఆరేళ్లుగా చూడని ముఖాన్ని పట్టుకోవడం కష్టం. కింద మెయిన్ హాల్లో రెక్కలున్న రాతి సింహం ఒకటి ఉంది, పాత జూద్‌బాన్‌హోఫ్ స్టేషన్ నుంచి తెచ్చి పెట్టారు. అదే మీ చోటు. దాని ఫొటో ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.

టైమ్ ఒకటే పెట్టుకోకండి, మూడు పెట్టుకోండి: మధ్యాహ్నం 2, 4, 6. మ్యూనిక్ నుంచి నేరుగా వచ్చే రైళ్ల మధ్య సుమారు రెండు గంటల తేడా ఉంటుంది కాబట్టి ఈ లెక్క సరిపోతుంది. ప్రతిసారీ పావుగంట చూడాలి, రాకపోతే వెళ్లి కాఫీ తాగి తర్వాతి టైముకి రావాలి. 6కీ కలవకపోతే హాస్టల్ రిసెప్షన్. హాస్టల్ అడ్రసు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, ఫోన్ ఆగిపోయిన రోజు ఆ కాగితమే దిక్కు. ‘ఎన్నింటికొస్తావ్’ అని అడక్కండి, రైలు నంబరు అడగండి. నంబరుంటే ఎంత లేటో యాప్‌లో మీకే కనిపిస్తుంది.

తను ఒకవేళ పారిస్ నుంచి జ్యూరిక్ మీదుగా వస్తే, ఈయూ సిమ్‌కి స్విట్జర్లాండ్‌లో ఉచిత రోమింగ్ హక్కు లేదు. కొన్ని ప్లాన్లలో నెట్ ఆగిపోతుంది, కొన్నిట్లో బిల్లు పేలుతుంది. మెసేజ్ రాకపోతే కంగారు పడకండి, సింహం దగ్గరికి వెళ్లండి.

మూడుపూటల:

తేదీ గురించి ఎవరూ చెప్పలేదు, నాకు అదే ముఖ్యం అనిపిస్తోంది. అక్టోబరు 25 తెల్లవారుజామున 3 గంటలకి గడియారం వెనక్కి, 2కి జరుగుతుంది. ఫోన్ తనంతట మారుతుంది, చేతి గడియారం మారదు. అదీగాక ఆస్ట్రియాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూస్తారు, మర్నాడు 26 వాళ్ల జాతీయ దినం, ఆ రోజూ సెలవే. వరసగా రెండు రోజులు. పెద్ద స్టేషన్లలోని దుకాణాలు తెరిచే ఉంటాయి గానీ జనం ఎక్కువ. బ్రెడ్డు, చీజ్, పళ్లు బుడాపెస్ట్‌లో శనివారమే కొని సంచిలో వేసుకోండి.

రూము విషయం: ఇద్దరూ విడివిడిగా బుక్ చేస్తే ఒకే డార్మ్ (పలువురు పంచుకునే గది) ఇస్తారన్న హామీ ఉండదు. ఒకరే రెండు బెడ్లు బుక్ చేయాలి, అదీ ఉచితంగా రద్దు చేసుకునే రేటులో. రెండు డార్మ్ బెడ్ల మొత్తాన్ని ట్విన్ రూముతో పోల్చి చూడండి, కొన్నిసార్లు తేడా చాలా తక్కువ. ఎన్నో ఏళ్ల మాటలు డార్మ్‌లో గుసగుసగా చెప్పుకునేవి కావు, ఆ తేడా పెట్టొచ్చు. వేరే వేరే హాస్టళ్లలో మాత్రం దిగకండి, బయటివాళ్లని గదుల్లోకి రానివ్వని చోట్లే ఎక్కువ.

ఖర్చుకి నోట్‌లో రెండే గడులు: ఎవరు పెట్టారు, ఎంత. చివరి రోజు రాత్రి ఒకేసారి తేల్చుకోండి. బుడాపెస్ట్‌లో మీరు పెట్టే ఫోరింట్లు (హంగరీ డబ్బు) ఇందులో కలపొద్దు. ఏటీఎం ‘మీ కరెన్సీలో లెక్కించమంటారా’ అని అడిగితే వద్దనండి, ఆ రేటు ఎప్పుడూ నష్టమే. రోజుకో పూట విడిగా తిరగాలని మొదటి రోజే అనుకోండి. ఒంటరిగా తిరిగే అలవాటున్న ఇద్దరికీ ఆ పూట కావాలి, ముందే అనుకుంటే ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఒంటరి_సంచి:

చాలా థాంక్సండీ. వియన్నాకే ఫిక్స్, సింహం ఫొటో పంపేశాను. బెల్‌గ్రేడ్ మాటేంటి?

పట్టాలబాట:

ముందు వీసా స్టిక్కర్ మీద ‘నంబర్ ఆఫ్ ఎంట్రీస్’ అన్న గడి చూడండి. సెర్బియా షెంగెన్‌లో లేదు. ఆ గడిలో 01 (ఒక్కసారే ప్రవేశం) అని ఉంటే బెల్‌గ్రేడ్ వెళ్లాక మళ్లీ షెంగెన్‌లోకి రాలేరు, వీసాలో ఇంకా రోజులు మిగిలున్నా సరే. మీ తిరుగు విమానం బుడాపెస్ట్ నుంచో వియన్నా నుంచో అయితే అక్కడే ఇరుక్కుంటారు. మల్ట్ (పలుసార్లు ప్రవేశం) అని ఉంటే ఇబ్బంది లేదు, సెర్బియా ప్రవేశ నియమాలు మాత్రం విడిగా చూసుకోండి. 01 అయితే బెల్‌గ్రేడ్ బదులు లుబ్లియానా వెళ్లండి, స్లొవేనియా షెంగెన్‌లోనే ఉంది. ఒక్క పూటే ఉంటే బ్రాటిస్లావా, వియన్నా నుంచి గంట ప్రయాణం. షెంగెన్ రోజులు లెక్కేసేటప్పుడు వచ్చిన రోజు, వెళ్లే రోజు రెండూ పూర్తి రోజులుగానే లెక్క.