ధ్యానంతో పాత ఆలోచనల గాడి మారుతుందా? చేసినోళ్లు చెప్పండి

గుర్రంగూడ_బైకర్
పోయిన దసరా అయినంక మా ఇంటికి దగ్గర్లనే, సాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త అనే ధ్యాన కేంద్రంల పది రోజుల విపశ్యన ధ్యానం కోర్సు చేసిన. అంతకుముందు ఎల్బీనగర్ సిగ్నల్ కాడ ఎవడన్న ఎనక నుంచి హారన్ కొడితే బండి స్టాండ్ ఏసి పోయి కొట్లాడెటోణ్ణి. ఆడ పొద్దుగాల నాలుగింటికి గంట కొడ్తరు. రోజుకు పది గంటల దాకా కూసునుడే. మాట బంద్, ఫోన్ బంద్. మొదటి మూడు రోజులు ముక్కు కాడ ఊపిరి ఒక్కటే చూడాలె, నాలుగో రోజు నుంచి ఒళ్లంత. ఆరో రోజు గంటసేపు కదలకుండ కూసుంటే ఎడమ మోకాలు నిప్పు పెట్టినట్టయింది. అప్పుడు సమజైంది: నొప్పి వేరు, నొప్పిని తిట్టుకునుడు వేరు. ఈ ధ్యానం నేర్పిన గోయెంకా గారు రికార్డింగుల్ల చెప్పే 'సంఖార' అంటే ఆ తిట్టుకునే అలవాటేనట.

ఇప్పుడు హారన్ ఇనబడంగనే మెడ ఎనక వేడి ముందుగాల తెలుస్తది. నోరు లేచేలోపల ఒక అర సెకను దొరుకుతది. నాకు దొరికింది ఆ అర సెకనే. ఇంటికొచ్చినంక 21 రోజులు ఇడవకుండ చేస్తే ఏ ఆలోచనైనా మారుతది. మీరేమంటరు?

లెక్కల_మాస్టారు
బాబూ, మిగతాది తరవాత. ఈ 21 ఎక్కడిది? 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయిన మనిషి కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని రాశాడు. జనం నోట పడి అందులో 'కనీసం' పోయింది, ముఖమూ పోయింది, 21 మిగిలింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసి చూస్తే మధ్యగతం (మీడియన్) 66 రోజులు వచ్చింది, అంటే సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ. ఒకరికి 18, ఇంకొకరికి 254. ఆ 254 కూడా 84 రోజుల లెక్కను ముందుకు సాగదీసి కట్టిందే. అదీ మంచినీళ్లు తాగడం, పండు తినడం లాంటి అలవాట్ల గురించి. ఆలోచనల గురించి కాదు.

పచ్చిమిరప
మన దగ్గర మండలం ఉందిగా, 41 రోజులు. మా మావయ్య పదిహేడేళ్లుగా అయ్యప్ప మాల వేస్తున్నాడు. నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, అందరినీ 'స్వామీ' అని పిలవడం. ఆ 41 రోజులూ దేవుడే. మాల తీసిన రాత్రే సీసా. మరి గాడి ఏమైంది?

శాస్త్రిగారి_మనవడు
సంఖార అన్నది పాళీ మాటండీ, సంస్కృతంలో సంస్కారం. యోగసూత్రాల్లో పతంజలి 'వితర్కబాధనే ప్రతిపక్షభావనమ్' అన్నాడు. చెడ్డ ఆలోచన వస్తే దానికి ఎదురు ఆలోచన పెంచాలి. ఊరికే చూస్తూ కూర్చుంటే పోతుందనడం పొరపాటు.

వట్టివేళ్లు
మండలం 40 రోజులు. 41 కాదు.

పచ్చిమిరప
40 రోజుల దీక్ష, 41వ రోజు ఇరుముడి. మా ఇంట్లో జరిగేది నాకు తెలీదా?

వట్టివేళ్లు
48 అనేవాళ్లూ ఉన్నారు.

లెక్కల_మాస్టారు
చూశారా, ఒక్క సంఖ్యే నిలవడం లేదు. ఇక మనసేం మారుతుంది!

గుర్రంగూడ_బైకర్
మాస్టారూ, 21 తప్పే అనుకోండి. ఆ ఒక్క అంకె పట్టుకొని ఏలాడకుండ్రి. నేనేం మారిన్నో అడుగుండ్రి.

పచ్చిమిరప
నేనడుగుతా తమ్ముడూ. నువ్వు మారావని ఇంట్లోవాళ్లు అన్నారా, నువ్వే అనుకుంటున్నావా? మా ఆయనా వెళ్లొచ్చాడు పది రోజులు. మౌనం ఆయనకి, ఇద్దరు పిల్లల హోంవర్కు, అత్తగారి డయాలసిస్ నాకు. వచ్చాక కోపం పోయిన మాట నిజమే. గ్యాస్ అయిపోయిందని చెప్తే కళ్లు సగం మూసి 'అంతా అనిత్యం' అంటాడు. ఇదివరకు అరిచేవాడు కానీ సిలిండర్ తెచ్చేవాడు.

కోనసీమ_కొబ్బరి
😂😂 ఈ థ్రెడ్‌కి ఇది చాలు

గుర్రంగూడ_బైకర్
అక్కా, అది ధ్యానం కాదు, తప్పించుకునుడు. మాస్టారూ, మీకు ఒకటే చెప్త. పుస్తకం లెక్కలతోని తేలదు, కూసుంటేనే తెలుస్తది. తినగ తినగ వేము తియ్యగైతదంటరు. ఫలితం రాలేదంటే సాధన సరిగ్గ చెయ్యలేదన్నట్టే.

లెక్కల_మాస్టారు
వేము తియ్యగైందంటే వేము మారలేదు బాబూ, నాలుక మొద్దుబారింది.

'సరిగ్గా చెయ్యలేదు'. ఈ మాట నేను ఇదివరకే విన్నాను. 21 గురించి గంట సేపు వాదించింది ఈ మాట దాకా రాకూడదనే. వచ్చారు కాబట్టి చెప్తాను.

మా అబ్బాయికి ఇరవయ్యారేళ్లప్పుడు డిప్రెషన్‌కి మాత్రలు వాడేవాడు. ఒక ధ్యాన బృందం వాళ్లు కలిశారు. పేరు అనవసరం, విపశ్యన వాళ్లు కాదు. 'ఆలోచన నీది, మార్చుకోవాల్సింది నువ్వే, మాత్ర ఊతకర్ర' అన్నారు. మానేశాడు. తెల్లవారుజామున లేచి వసారాలో తుంగచాప వేసుకుని కూర్చునేవాడు. నేనే గర్వపడ్డాను. కాఫీ కలిపి తలుపు దగ్గర పెట్టి, చప్పుడు చెయ్యకుండా లోపలికి వచ్చేవాణ్ణి. రెండో నెలకి కాఫీ అలాగే తొరక కట్టి ఉండేది. తరవాత స్నానం మానేశాడు. తరవాత మాట్లాడటం మానేశాడు. మేం దాన్నీ మౌనమనుకున్నాం.

వాళ్ల దగ్గరికి వెళ్లి అడిగితే 'సాధన చాలలేదు' అన్నారు.

ఇప్పుడు మళ్లీ మందులతో బాగానే ఉన్నాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. కానీ 'నాకు ఊరికే కూర్చోవడం కూడా చేతకాలేదు నాన్నా' అని నెలకోసారైనా అంటాడు. ఈ ఆలోచన వాడికి అంతకుముందు లేదు. ఈ గాడి వేసిందెవరు?

డాలస్_నుంచి
మాస్టారూ, బాధగా ఉంది. ఒక్క సంగతి. డిప్రెషన్ తిరగబెట్టకుండా ఉండటానికి ధ్యానం కలిపిన ఎనిమిది వారాల చికిత్స ఒకటుంది. 2015లో లాన్సెట్‌లో దాని మీద ఒక అధ్యయనం వచ్చింది. 424 మంది, రెండేళ్లు. మాత్రలు కొనసాగించిన వాళ్లలో 47 శాతానికి తిరగబెట్టింది. ఈ చికిత్స తీసుకున్నవాళ్లలో 44 శాతానికి. అంటే ఇంచుమించు సమానం. అయితే వాళ్లు డాక్టరు కనిపెట్టుకుని ఉండగా మాత్రలు మెల్లమెల్లగా తగ్గించారు, ఒక్కసారిగా ఆపలేదు. పైగా వాళ్లు అప్పటికి కోలుకుని ఉన్నవాళ్లు.

వార్డు_సిస్టర్
మా వార్డుకి ఇలా మందులు ఆపేసి వచ్చేవాళ్లు ఉంటారు. ధ్యానం చేసినందుకు ఎవర్నీ తిట్టం. మాత్ర ఎప్పుడు ఆపారు, ఎవరు ఆపమన్నారు, ముందు అదే అడుగుతాం.

శాస్త్రిగారి_మనవడు
అందుకే గురువు లేకుండా చెయ్యకూడదంటారు. ఎదురు ఆలోచన గురించి నేనన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

గుర్రంగూడ_బైకర్
మాస్టారూ, రాత్రంత నిద్రపట్టలే. ఆ మాట అనకుండాల్సింది. ఎనక్కి తీసుకుంటున్న.

కానీ నేను ఆ మాట ఎందుకు పట్టుకున్ననో కూడ చెప్త. మా నాయిన చెయ్యి లేచేటోడు. బెల్టు, చెప్పు, ఏది దొరికితే అది. మా తాత కూడ అంతేనట. 'మన రక్తమే అంత' అని మా ఇంట్ల అందరు నవ్వుకుంట చెప్పేటోళ్లు. పోయిన నెల నా బిడ్డ లాప్‌టాప్ మీద పాలు ఒలకబోసింది. నా చెయ్యి లేసింది. మెడ ఎనక వేడి తెలిసింది. చెయ్యి దించిన. 'ఆలోచన నీది, నువ్వే మార్చుకోవాలె' అన్న మాట మీవోణ్ణి ముంచింది, ఒప్పుకుంట. నాకు మాత్రం 'రక్తం' అన్న మాట నుంచి బయటికొచ్చే తొవ్వ అదొక్కటే దొరికింది సార్.

లెక్కల_మాస్టారు
పాప వయసెంత?

గుర్రంగూడ_బైకర్
అయిదు నడుస్తుంది.

లెక్కల_మాస్టారు
నీ అర సెకను నేను కొట్టెయ్యను బాబూ. 21 మాత్రం తప్పే.

పచ్చిమిరప
మా ఆయనకి ఈ థ్రెడ్ చూపించా. మౌనంగా చదివాడు.

కొత్తగా_చేరాను
ఇంతకీ ఆ కోర్సుకు ఫీజెంత?

గుర్రంగూడ_బైకర్
ఫీజు లేదన్నా. తిండి, పండుకునుడు అన్నీ ఫ్రీ. పది రోజులు పూర్తయినంక ఇష్టముంటే దానం ఇయ్యొచ్చు. ముందుగాల ఫారం నింపాలె, అండ్ల మందుల సంగతి అడుగుతరు. దాచకు.