కుక్కల జెనెటిక్స్‌లో కెరీర్: మన దగ్గర్నుంచి దారి ఉందా?

ఫైనలియర్_వెట్:
అందరికీ నమస్తే. బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) చివరి ఏడాదిలో ఉన్నాను. కుక్కలంటే ప్రాణం. ఒక్కో జబ్బు ఒక్కో జాతినే ఎందుకు పట్టుకుంటుంది, లాబ్రడార్ ఎంత తిన్నా ఇంకా గిన్నె వైపే ఎందుకు చూస్తుంది, ఇలాంటివి తెలుసుకోవడమే పనిగా పెట్టుకోవాలని ఉంది. కానీ మా బ్రీడింగ్ డిపార్ట్‌మెంట్‌లో ఏ థీసిస్ తీసినా ఒంగోలు, ముర్రా, కోళ్లు, గొర్రెలే. ఇంట్లోవాళ్లు ప్రభుత్వ ఉద్యోగం చూసుకోమంటున్నారు. పీజీలో ఏ సబ్జెక్ట్ తీసుకోవాలో తేలక టెన్షన్‌గా ఉంది.

క్లినిక్_అన్న:
తమ్ముడూ, ముందు పీజీలో వెటర్నరీ మెడిసిన్ చెయ్యి. కోలీ అనే గొర్రెలకాపరి జాతి కుక్కల సంగతి చూడు. గజ్జికి వాడే ఐవర్‌మెక్టిన్ డోసు కాస్త ఎక్కువైతే చాలు, కొన్ని కోలీలు తూలిపోయి, చొంగ కార్చి, కోమాలోకి వెళ్లిపోయేవి. డాక్టర్లకు ఇది ఏళ్ల తరబడి తెలుసు, కారణమే తెలియదు. 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కత్రీనా మీలీ బృందం ఎండీఆర్1 అనే జన్యువులో నాలుగు డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయాయని పట్టుకుంది. మందును మెదడులోంచి బయటికి నెట్టాల్సిన ప్రొటీన్ ఆ కుక్కల్లో సరిగా తయారవదు. ఇప్పుడు చెంప లోపల బ్రష్ తిప్పి పంపితే టెస్ట్ చేసేస్తారు. ఆమె వైద్యం తెలిసిన మనిషి. జబ్బు కుక్కను చేత్తో పట్టి చూసినవాళ్లకే ఇలాంటి ప్రశ్న తడుతుందని నా గట్టి నమ్మకం.

నీ లాబ్రడార్ ప్రశ్నకూ కొంత జవాబు దొరికింది: 2016లో కేంబ్రిడ్జ్ వాళ్లు కొన్ని లాబ్రడార్లలో, కడుపు నిండిందని మెదడుకు తెలియడానికి తోడ్పడే పీఓఎంసీ అనే జన్యువులో లోపం చూపించారు.

జీనోమ్_పిచ్చి:
అన్న చెప్పింది సగమే ఒప్పుకుంటా. స్టాన్‌ఫోర్డ్‌లో నార్కోలెప్సీ (ఉన్నట్టుండి నిద్ర ముంచుకొచ్చే జబ్బు) ఉన్న డాబర్‌మన్‌లను పెంచారు. ఇష్టమైన తిండి కనబడగానే సంతోషానికి కాళ్లు సడలి అక్కడికక్కడే కూలబడేవి, కాసేపటికి లేచి మళ్లీ తినేవి. దానికి కారణమైన జన్యువును ఇమ్మాన్యుయెల్ మిన్యో బృందం 1999లో గానీ పట్టుకోలేకపోయింది, అప్పటికి కుక్క జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ) చదవనేలేదు మరి. అది దొరికాక మనుషుల్లో ఆ జబ్బుకు మెలకువగా ఉంచే హైపోక్రెటిన్ అనే మెదడు రసాయనం తగ్గిపోవడమే కారణమని తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2005లో టాషా అనే బాక్సర్ జీనోమ్ వచ్చింది. ఒకే జాతిలో కుక్కలన్నీ దగ్గరి చుట్టాలు కాబట్టి డీఎన్‌ఏ పెద్ద పెద్ద ముక్కలుగా ఒకేలా ఉంటుంది, అందుకే మనుషుల్లో కంటే తక్కువ శాంపిళ్లతో జన్యువు దొరుకుతుంది. కానీ ఆ వెతుకులాటంతా లెక్కలే. స్టాటిస్టిక్స్, ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష, లైనక్స్ ఇవాళే మొదలుపెట్టు.

ఏజీబీ_మేడమ్:
బాబూ, ఒంగోలు మీద థీసిస్ అని చిన్నచూపు వద్దు. పెడిగ్రీ (వంశవృక్షం) గీయడం, ఇన్‌బ్రీడింగ్ (రక్తసంబంధం ఉన్నవాటిని జతకట్టించడం) లెక్కగట్టడం ఎద్దుకైనా కుక్కకైనా ఒకటే, నేర్పేది మా యానిమల్ జెనెటిక్స్ అండ్ బ్రీడింగ్ (ఏజీబీ) డిపార్ట్‌మెంటే. రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ అనే మన దేశీ కుక్కలను కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ (ఎన్‌బీఏజీఆర్) జాతులుగా నమోదు చేసింది, వాటి మీద చేయాల్సిన పని బోలెడుంది. పీహెచ్‌డీకి బయటికి వెళ్లాల్సి రావచ్చు, అది దాచను. ఇంటర్న్‌షిప్‌లో ఒక పని చెయ్యి: వంశంలో వచ్చే జబ్బని అనుమానం వస్తే, యజమాని సరేనంటే, రక్తం గడ్డకట్టనివ్వని ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో కాస్త రక్తం తీసి ఫ్రీజర్‌లో పెట్టు. తల్లి, తండ్రి, తోబుట్టువుల వివరాలు కూడా రాసుకో. వివరాల్లేని ట్యూబు ఎందుకూ పనికిరాదు.