సమస్యాపూరణం: బలము లేని చోట బండి నడచు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో చివరి పాదం.

బలము లేని చోట బండి నడచు

లాగేవాడు లేనిదే బండి కదలదని లోకం అంటుంది. అరిస్టాటిల్ కూడా అదే అన్నాడు, దాదాపు రెండు వేల ఏళ్లు ఆ మాటే చెల్లింది. దాన్ని తలకిందులు చేయడమే మీ పని. ‘బలము’ అంటే సైన్యమని అర్థం చెప్పి తప్పించుకునే పూరణలు ఈసారి చెల్లవు. గణాలు, యతి ఎంత ముఖ్యమో భౌతికశాస్త్రమూ అంతే ముఖ్యం.

తూనీగ:
వాలుబల్లమీద వదలిన గోళము
మరల నెక్కు నంత మాత్ర మెత్తు
సమతలమ్ము గాఁగఁ జనుచునే యుండును
బలము లేని చోట బండి నడచు

నిర్వాహకుడు:
తూనీగ గారూ, గెలీలియో వాదాన్ని మూడు పాదాల్లో పట్టేశారు. ఒక వాలు మీద జారిన గుండు ఎదుటి వాలు మీద దాదాపు అంతే ఎత్తుకు ఎక్కుతుంది. ఎదుటి వాలును తగ్గించేకొద్దీ ఆ ఎత్తు అందుకోవడానికి మరింత దూరం పోవాలి. అసలు వాలే లేకపోతే? ఆ ఎత్తు ఎన్నటికీ అందదు కనుక గుండు ఎక్కడా ఆగనక్కరలేదు. 1638లో అచ్చయిన గ్రంథంలో ఆయన ఈ వాలుబల్లల లెక్కలన్నీ చెప్పాడు.
ఛందస్సులో దోషం లేదు. అన్వయమే కాస్త తెగింది: మూడు పాదాలూ గోళం గురించి చెప్పి నాలుగో పాదంలో హఠాత్తుగా బండెక్కారు. మూడో పాదాన్ని ‘సమతలమ్ము గాఁగఁ జనుచుండు నట్లుగ’ అంటే పోలిక కుదురుతుంది.

మేఘమాల:
శూన్యమందుఁ బోవు చోద్యపు నౌకకు
నింధనమ్ము లేక యేండ్లు గడచు
రాపిడియును లేదు రహదారి లేదయా
బలము లేని చోట బండి నడచు

నిర్వాహకుడు:
మూడో పాదం చదివి నవ్వుకున్నాను. రహదారి లేని బండి! ‘చోద్యపు’ మాత్రం యతి కోసం పిలిస్తే వచ్చిన మాటలా ఉంది.
శాస్త్రం సంగతి. 1977లో బయలుదేరిన వాయేజర్-1 అంతరిక్షనౌక ఇప్పుడు సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది, దాన్ని వెనుకనుంచి నెట్టే యంత్రమేదీ లేదు. అయితే సూర్యుడి ఆకర్షణ అంత దూరంలోనూ దాన్ని కొద్దికొద్దిగా వెనక్కి లాగుతూనే ఉంది, వేగం రవ్వంత తగ్గుతూనే ఉంది. అంటే అక్కడ ఉన్నది ‘బలము లేని చోటు’ కాదు, బలం బాగా పలచబడిన చోటు. ఇంధనమూ పూర్తిగా అక్కరలేనిది కాదు. యాంటెన్నాను భూమివైపు తిప్పి ఉంచడానికి థ్రస్టర్లనే చిన్న చిన్న తోపుడు యంత్రాలు వాడుతూనే ఉన్నారు. పద్యానికి ఈ సూక్ష్మాలు అడ్డు కావు, పూరణ నిలుస్తుంది.

నక్షత్రకుడు:
చందమామ నెవరు సతతమ్ము లాగిరి
నెట్టువాడు లేడు నింగియందుఁ
దిరుగుచుండెఁ జూడు తీరుగాఁ దనయంత
బలము లేని చోట బండి నడచు

నిర్వాహకుడు:
పద్యం నున్నగా సాగింది, భావం మాత్రం బోల్తాపడింది. ‘ఎవరు లాగిరి’ అని అడిగారు. భూమి లాగుతోంది! ఆ లాగుడు లేకపోతే చంద్రుడు తిరగనే తిరగడు. ఏ క్షణంలోనైనా చంద్రుడు తిన్నగా ముందుకు పోబోతాడు. ఆ సరళరేఖ నుంచి భూమి అతన్ని సెకనుకు సుమారు 1.4 మిల్లీమీటర్లు తనవైపు దించుతుంది. అంత చిన్న దింపుడుతోనే దారి వంగి వంగి కక్ష్య అవుతోంది. వేగం పెద్దగా మారకపోయినా దిశ మారుతోందంటే బలం ఉన్నట్టే. మీ చంద్రుడు నా సమస్యకు సాక్షి కాదు, ప్రతిసాక్షి. మరొకసారి ప్రయత్నించండి.

నక్షత్రకుడు:
చిత్తం. ఇదిగో.
భూమి లాగు తాడు పుటుకునఁ దెగెనేని
చంద్రుఁ డేగు నపుడు సరళగతినిఁ
బగ్గ మింక లేదు పక్కకు లాగగా
బలము లేని చోట బండి నడచు

నిర్వాహకుడు:
శభాష్! బండికి పగ్గం తగిలించడం వల్ల నాలుగో పాదం ఇప్పుడు అతికినట్టు లేదు, మొలిచినట్టు ఉంది. ‘సరళగతి’ అనడమూ మెచ్చుకోదగ్గది. గెలీలియోకు సమతలమంటే భూమి చుట్టూ వంగిన తలమే. తిన్నగా పోవడమన్న మాటను ఫ్రెంచి తత్త్వవేత్త దెకార్తు 1644లో స్పష్టం చేశాడు, న్యూటను 1687లో దాన్ని మొదటి సూత్రంగా నిలబెట్టాడు.

పాతబడిపంతులు:
మన కణాదుణ్ణి మరిచిపోతే ఎలా?
విల్లు విడిచినట్టి వేగపుఁ దూపది
వేగ మనెడు గుణము వెంట నంటి
చనుచు నుండు నంచుఁ జాటెఁ గణాదుండు
బలము లేని చోట బండి నడచు

నిర్వాహకుడు:
పంతులు గారూ, వేగం రెండుసార్లు పడింది. మొదటి పాదం ‘వింటి నుండి లేచి వెడలిన తూపది’ అంటే పునరుక్తి పోతుంది.
విషయం మీద నాకు పేచీ ఉంది. కణాదుడి వైశేషిక సూత్రాల ప్రకారం బాణానికి తొలి చలనం వింటి తోపుడు వల్ల, తరువాతి చలనం ఆ చలనమే పుట్టించిన సంస్కారం (బాణంలో నిలిచే వేగగుణం) వల్ల. ఆ సంస్కారం లేనప్పుడు గురుత్వం వల్ల పతనం. చాలా నిశితమైన పరిశీలన, కాదనను. కాని ఇక్కడ బాణం కదలడానికి లోపల ఒక కారణం ప్రతి క్షణం పనిచేస్తూ ఉండాలి. పద్నాలుగో శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు బురిడాన్ చెప్పిన ‘ఇంపెటస్’ (విసిరిన వస్తువులో నిలిచి దాన్ని నడిపే ఊపు) దీనికి దగ్గర చుట్టం. న్యూటను దగ్గర ఆ కారణమే అక్కరలేదు: చలనం మారడానికి కారణం కావాలి గాని కొనసాగడానికి కాదు.

పాతబడిపంతులు:
సంస్కారం బయటి తోపుడు కాదు గదా! బాణంలోని గుణమే. అది బలమని మీరెలా అంటారు?

నిర్వాహకుడు:
బలమని అనను. కారణమని మాత్రం అంటాను, కణాదుడూ అదే అన్నాడు. ‘బయటి బలము లేని చోట’ అన్న అర్థంలో మీ పూరణ ఒప్పుకుంటున్నాను.

వైశాఖి:
నాకో సందేహం. ఆగి ఉన్న బండి ఆగే ఉంటుందని కూడా న్యూటను మొదటి సూత్రమే చెబుతుంది. మరి ‘నడచు’ అని తీర్మానించడం సగం నిజమే కదా? అందుకని ఇలా పూరించాను.
నిలిచినట్టి బండి నేరుగాఁ బోయెడు
రైలు నుండి చూడ రయము తోడ
వెనుక కేగునట్లు వింతగాఁ గన్పడు
బలము లేని చోట బండి నడచు

నిర్వాహకుడు:
సందేహం సరైనదే, సమాధానం దానికంటే బాగుంది. నిలిచిన బండి మీద బరువు కిందికీ, నేల ఆనిక పైకీ పనిచేసి సరిసమానంగా రద్దవుతాయి, మిగిలిన బలం సున్న. అదే బండి రైల్లోనివారికి కదులుతోంది. రెండు చూపులూ సమానంగా నిజం, రెంటిలోనూ సూత్రం చెల్లుతుంది. ‘నేరుగా’ యతి కోసమే వచ్చి ఉండవచ్చు గాని, శాస్త్రానికి అదే ప్రాణం. రైలు మలుపు తిరిగినా బ్రేకు వేసినా ఏ బలమూ లేకుండానే బండి వేగం మారినట్టు కనిపించి లెక్క చెడుతుంది. వేగం మారకూడదన్న మాట కూడా ఎక్కడైనా ఇరికించగలిగితే లోటుండదు. ఈ వారానికి నా ఓటు మీకే, నక్షత్రకుడు గారు వెంట్రుకవాసిలో వెనుకబడ్డారు.

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే:
చెట్టు పండు భూమిఁ జేర లాగు